యేసేపు మేస్త్రీ తీసేసిన రెండు రేకులు

నేను సరిగ్గా పెట్టిన ఇంజనును యేసేపు మేస్త్రీ చెడగొట్టాడు. ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో, పనివాళ్లందరూ చూస్తుండగా, డీజిల్ పంపు కింద నేను అమర్చిన రెండు పల్చటి రేకులను ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఎందుకు తీశావని అడిగితే జవాబు చెప్పలేదు. అప్పుడే కాదు, ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా నేను రాసిన ఏ ఉత్తరానికీ చెప్పలేదు. ఆయన నాకు గురువు. నాకు వచ్చిన పనిలో సగానికి పైగా ఆయన నేర్పిందే. అయినా తప్పు తప్పే. ముందు అది చెప్పిన తర్వాతే మిగతా సంగతి.

ఈ గొడవ ఇప్పుడు మళ్లీ తలకెక్కడానికి కారణం ఎమ్మిగనూరులో మా ఇంటి వెనక కట్టిన ఫంక్షన్ హాలు. పొద్దున్నే కరెంటు పోతే వాళ్లు జనరేటరు వేస్తారు. రాత్రంతా చల్లబడి ఉన్న ఇంజను కదా, తిరగడం మొదలుపెట్టిన క్షణం నుంచీ ఠంగు ఠంగుమని, ఇనప దిమ్మె మీద సమ్మెట పడ్డట్టు మోత. కిటికీ గట్టు మీద గ్లాసులో టీ వణుకుతుంది. సగం కాలిన డీజిల్ వాసన, కళ్లు మండించే ఆ తెల్లపొగ వాసన, వంటింటి దాకా వస్తుంది. ఆ మోత చెవిన పడగానే నాకు యేసేపు మేస్త్రీ కనబడతాడు, ఇంజను మీదికి వంగి, ఒక కర్రను పళ్ల మధ్య కరిచి పట్టుకుని.

ఓపిక పట్టి పట్టి ఒకరోజు మేనేజరు దగ్గరికి వెళ్లాను. మీ ఇంజను లోపల కొట్టుకుంటోంది, డీజిల్ చిమ్మే టైమింగు చూపించండి అని చెప్పాను. అతను నన్ను జనరేటరు దగ్గరికి తీసుకెళ్లి, చుట్టూ బిగించిన రేకు పెట్టెను, లోపల అతికించిన స్పాంజిని చూపించి, “ఇది సైలెంట్ జనరేటరు తాతా, ఈడ రాసుండాది సూడు” అన్నాడు. నిజమే, రాసి ఉంది. రాస్తే సరిపోతుందా? ఏడ్చే పిల్లను గదిలో పెట్టి తలుపు మూసి, మా పిల్ల ఏడవదు అని చెప్పుకున్నట్టు ఉంది. శబ్దం పుట్టేది సిలిండరు లోపల. తగ్గించవలసిందీ అక్కడే. ఇది చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. నేను చదివింది ఎనిమిదో తరగతి.

సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే అది నిప్పులా వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి డీజిల్ చిమ్ముతారు. చిమ్మగానే అంటుకోదు, రెప్పపాటు కన్నా తక్కువ ఆలస్యం ఒకటి ఉంటుంది. ఆ ఆలస్యంలో పడ్డ డీజిలంతా పోగై, అంటుకున్నప్పుడు ఒక్క పెట్టున మండుతుంది. ఆదోని బస్టాండులో మంత్రాలయం బస్సును చూడండి. బస్సు ఆగగానే తలుపు తీస్తే జనం ఒకరి వెనక ఒకరు ఎక్కుతారు. కండక్టరు తలుపు తీయకుండా టీ తాగుతూ నిలబడ్డాడనుకోండి, తీసిన క్షణాన పోగైన జనమంతా ఒకేసారి మీద పడి బస్సును ఊపేస్తారు. ఇంజనులో వినిపించే ఆ ఠంగు అదే. ఇంజను చల్లగా ఉంటే ఆలస్యం పెరుగుతుంది. గాలి ఇంకా పూర్తిగా వేడెక్కకముందే డీజిల్ చిమ్మితే మరీ పెరుగుతుంది. కాబట్టి ఇంజనును వెచ్చగా ఉంచు, కాస్త ఆలస్యంగా చిమ్ము, సన్నగా చిమ్ము. మోత దానంతటదే దిగుతుంది. పెట్టె కట్టడం ఆ తర్వాతి మాట.

నా పోరు పడలేక మేనేజరు నందవరం నుంచి ఒక మెకానిక్కును పిలిపించాడు. ముప్పై ఏళ్ల మనిషి, ఫోనులో ఇంజను బొమ్మలన్నీ పెట్టుకున్నాడు. వచ్చి ఏం చేశాడనుకున్నారు? పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద ఆనించి, పిడిని పళ్ల మధ్య కరిచి, కళ్లు మూసుకున్నాడు. చెవులుండగా పళ్లతో వినడమేమిటయ్యా అని అడిగాను. “పాత మేస్త్రీలు ఇట్లనే ఇంటాండ్రంట తాతా. సెవికి తెలియంది పంటికి తెలుస్తాదంట” అన్నాడు. ఎవరు చెప్పారంటే వాళ్ల మేస్త్రీ అన్నాడు. ఆ మేస్త్రీకి ఎవరు చెప్పారో నాకు తెలుసు. ఆదోని చుట్టుపక్కల ఇంజను పని చేసేవాళ్లు కర్ర కొరకడం ఒక్క షెడ్డు నుంచే మొదలైంది.

ఆ షెడ్డు ఆదోని పత్తి మార్కెట్ యార్డు వెనక సందులో ఉండేది. యేసేపు మేస్త్రీది మద్దికెర. సన్నగా, నిలువుగా, దూలం లాంటి మనిషి. నల్లబడిపోయిన ఖాకీ చొక్కా, జేబులో బైబిలు. మధ్యాహ్నం సద్ది తిన్నాక చేతులు కడుక్కుని ఒక పేజీ చదివి, మళ్లీ నూనెలో చేతులు పెట్టేవాడు. మా నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. నాకు మగ్గం అబ్బలేదు. ఇరవై రెండేళ్లప్పుడు ఆ షెడ్డులో చేరాను. మేస్త్రీ దగ్గర మూర పొడుగు తుమ్మకర్ర ఒకటి ఉండేది, రెండు కొసలూ నున్నగా అరిగి. ఒక కొస ఇంజనుకు, ఒక కొస చెవికి. అప్పట్లో చెవికే. అలా ఆనించి, డీజిల్ చిమ్మే నాజిల్ కారుతోందనో బేరింగు పోయిందనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది.

నేను నేర్చుకున్న మొదటి పాఠం నందవరం దగ్గర ఒక బావి గట్టు మీద. వేరుశనగ రైతు, అయిదు గుర్రాల ఇంజను, భరించలేని మోత. మా వైపు రైతులందరూ చేసే తప్పే అతనూ చేశాడు. బావి నీళ్లు పంపులో నుంచి నేరుగా ఇంజను చుట్టూ తిరిగి పోయేలా పైపు పెట్టి, కుళాయిని పూర్తిగా తెరిచేశాడు. ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువకాలం బతుకుతుందని నమ్మకం. ముట్టుకుంటే కుండలో నీళ్లలా ఉంటుందని గర్వంగా చెప్పుకున్నాడు కూడా. మేస్త్రీ కర్ర చెవికి పెట్టి, నవ్వాడు.

“ఇంజనుకు సలి పెడ్తాందన్నా. పండ్లు కొట్టుకుంటాండాయి, నీకు ఇనపళ్యా?”

కుళాయిని సగానికి పైగా మూసేశాడు. రైతు లబలబలాడాడు, కాలిపోతుందని. మేస్త్రీ అతని చెయ్యి పట్టుకుని బయటికి వచ్చే నీళ్ల కింద పెట్టి, పది లెక్కపెట్టమన్నాడు. పది దాకా చెయ్యి ఉంచగలిగితే ఇంజను ఇంకా చలిలో ఉన్నట్టేనట. మొదట రైతు ఇరవై దాకా లెక్కపెట్టాడు. ఇంజను వేడెక్కే కొద్దీ మోత దిగుతూ వచ్చింది. చివరికి అతను ఏడు దగ్గర చెయ్యి లాక్కునేసరికి మేం ముగ్గురం మామూలు గొంతుతో మాట్లాడుకుంటున్నాం. నాకు అది మంత్రంలా కనిపించింది. ఎందుకలా అయిందని దారి పొడుగునా అడిగాను. “అయింది గదా, ఇంగేం కావల్ల నీకు?” అన్నాడు. ఆయనతో వచ్చిన చిక్కంతా అదే. పని చూపిస్తాడు, కారణం చెప్పడు.

కారణం కోసం నేను పుస్తకాల వెంట పడ్డాను. చిత్తుకాగితాల కొట్లో అట్ట లేని ఇంగ్లీషు డీజిల్ పుస్తకం ఒకటి దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివాను. మా నాయన మగ్గం మీది దారం తెచ్చి ఇంజను పక్కన తిరిగే ఫ్లైవీలు చక్రం చుట్టూ చుట్టి, కొలిచి, లెక్క కట్టి, సుద్దతో డిగ్రీల గీతలు పెట్టాను. డీజిల్ ఏ గీత దగ్గర చిమ్ముతోందో చూసి నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. లోపల ఒత్తిడి ఎలా లేస్తుందో కొలిచే సాధనం నా దగ్గర లేదు కాబట్టి, చదివినదాన్ని బట్టి, విన్నదాన్ని బట్టి, గ్రాఫు కాగితం మీద ఊహించి గీశాను. గీత వాలుగా ఎక్కితే ఇంజను గొంతు మెత్తన, గోడలా నిలువుగా లేస్తే సమ్మెట దెబ్బ. ఎంతో మురిసిపోయి మేస్త్రీకి చూపించాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “ఆదోని కొండ మాదిరి బాగుండాది. ఇంజను యాడుండాదిరా దీంట్లో?” అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మండుతుంది.

ఆ రోజుల్లోనే కర్ర చెవి నుంచి పళ్లకు మారింది. ఎప్పుడు మారిందో ఎవరూ గమనించలేదు, మారాక మాత్రం అందరూ ముచ్చటపడ్డారు. చెవితో వినేవాడు మామూలు మేస్త్రీ అట, పంటితో వినేవాడు మా మేస్త్రీ అట. నెల తిరగకుండా షెడ్డులో అందరి నోళ్లలోనూ కర్రలే. నేనూ కొరికాను, దాచుకోవడం ఎందుకు. పళ్లు జివ్వుమనడం తప్ప నాకేమీ తెలియలేదు. నాకింకా ఆ విద్య రాలేదనుకున్నాను.

మేస్త్రీకి గర్వం కూడా పెరిగింది. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఎదురుగా వచ్చి, మొహం చూస్తూ చెప్పాలి. అంతకన్నా నన్ను విసిగించింది ఇంకొకటి. ఏడాదికోసారి సర్వీసుకు వచ్చే ఇంజన్లుండేవి. నా నోటుబుక్కులో వాటి లెక్క మొత్తం ఉంది. మేస్త్రీ పెట్టే టైమింగు, అంటే డీజిల్ చిమ్మే క్షణం, ఏడాదికేడాదికీ ముందుకు జరుగుతోంది, ఒక గీత, రెండు గీతలు, అలా. మూడేళ్ల కింద మెత్తగా పలికిన ఇంజనే ఇప్పుడు సమ్మెటలా మోగుతోంది. నందవరం బావి గట్టు మీద మోత దించిన మనిషే చేతులారా మోత పెంచుతున్నాడు. నోటుబుక్కు మొహం ముందు పెట్టి నిలదీశాను. అంకెలు చూసి ఇలా అన్నాడు.

“రైతుకు సప్పుడు ఇనపడల్లప్పా. ఇనపడకుంటే ఇంజను సచ్చిందనుకుంటాడు.”

మోత ఉంటేనే బలం ఉందనుకునే రైతులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గిరాకీ కోసం తెలిసిన సత్యాన్ని చంపుకుంటున్నాడని మనసులో ఆయన్ను దించేసుకున్నాను.

ఇక మిల్లు సంగతి. ఆ మిల్లులో కరెంటు లేనప్పుడు పెద్ద డీజిల్ ఇంజను నడిచేది. ఇంజను గది పక్క వసారాలో పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్లు పదిహేను మంది దాకా కూర్చునేవారు. ఇంజను నడిచినంతసేపూ వాళ్లకు మాటల్లేవు, చేతులతో సైగలే. నీళ్లు కావాలంటే బొటనవేలు, పిల్లకు పాలివ్వడానికి పోవాలంటే ఇంకో సైగ. మేస్త్రీ బంధువుల పెళ్లికి మద్దికెర పోయినప్పుడు ఆ ఇంజను పని నా మీద పడింది. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. నాజిల్ విప్పి శుభ్రం చేసి, మంచులా సన్నగా చిమ్మేదాకా సరిచేశాను. నీళ్లు వెచ్చబడేలా కుళాయి తగ్గించాను. పంపు కింద రెండు రేకులు పెట్టి, డీజిల్ చిమ్మడాన్ని నా గ్రాఫు చెప్పిన గీత దగ్గరికి వెనక్కి తెచ్చాను. ఇంజను వేశాం. మోత సగానికి పడిపోయింది. బలం తగ్గిందేమోనని మిల్లు శెట్టికి అనుమానం. జిన్ను యంత్రాలన్నీ ఒకేసారి నడిపించాడు, ఇంజను తొణకలేదు. పొగగొట్టం ముందు తెల్లగుడ్డ పట్టాను, మసి బారలేదు. వసారాలో నుంచి సుంకమ్మ అనే పెద్దావిడ కేక వేసింది.

“ఏమప్పా ఈరన్నా, ఇంజను నోరు మూసినావు సరే. ఇప్పుడు మా నోర్లు ఎవురు మూస్తారు?”

ఆడవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు ఇంజను నడుస్తుండగా నాకు వినిపించింది. ఇంత బతుకు బతికాను, అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు దొరకలేదు.

రెండో రోజు మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. గుమ్మంలో నిలబడి ముందు వసారా వైపు చూశాడు, తర్వాత తిరుగుతున్న ఫ్లైవీలును చూశాడు. కర్ర ఇంజనుకు ఆనించి కొరికాడు. జాగా మార్చి కొరికాడు. ఇంకోచోట కొరికాడు. మొహం పాలిపోయింది. “ఇంజను సచ్చిపోతాంది” అని గట్టిగా అన్నాడు. లేదు మేస్త్రీ, నేనే మెత్తబరిచాను అంటూ నేను వెనక తిరుగుతూనే ఉన్నాను, నా వైపు చూస్తేగా. ఇంజను ఆపించాడు, పంపు ఊడదీశాడు, రేకులు తీశాడు, బిగించాడు, మళ్లీ వేయించాడు. గది దద్దరిల్లింది. కర్ర కొరికి తల ఊపాడు. వసారాలో నవ్వులు ఆగిపోయాయి, చేతులు లేచాయి. మేస్త్రీ తలెత్తి వాళ్లను చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, రెండు రేకులూ నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూసి, అలాగే నిలబడ్డాడు. ఎందుకు తీశావని ఆ మోతలోనే అడిగాను. నా మొహం చూస్తూ ఉన్నాడు గాని నోరు విప్పలేదు. పదిహేను మంది ఆడవాళ్ల ముందు నా రేకులు నా చేతిలో పెట్టడమంటే నీ విద్య నువ్వే దాచుకో అనడమే కదా. నేను రేకులు జేబులో వేసుకుని ఆ పూటే ఎమ్మిగనూరు బస్సెక్కాను. మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

ఎమ్మిగనూరులో సొంతంగా పని పెట్టుకున్నాను. నా చేతిలో పడ్డ ప్రతి ఇంజనునూ మెత్తబరిచాను. చప్పుడు చాలలేదని పోట్లాడిన రైతులున్నారు, వాళ్ల చేతులు పట్టుకుని వెచ్చటి నీళ్ల కింద పెట్టి పది లెక్కపెట్టించాను. ఆ పని చేసిన ప్రతిసారీ ఆయనే గుర్తొచ్చి, ప్రతిసారీ ఒళ్లు మండేది. ఇంత తెలిసినవాడు నా పని ఎందుకు చెరిపాడు? నేను చేసింది ఒప్పా, తప్పా? ఆ ఒక్క మాట నాకు కావాలి. శెట్టి చెబితే కాదు, పుస్తకం చెబితే కాదు, ఆయన చెప్పాలి. గ్రాఫు కాగితాల మీద లెక్కలు వేసి, వెనక ప్రశ్న రాసి పంపేవాణ్ని. రెండేళ్లకో మూడేళ్లకో ఒకటి. షెడ్డు మూసేసి మద్దికెరలో కూతురి ఇంట్లో ఉంటున్నాడని తెలిశాక అక్కడికి రాశాను. వెళ్లి అడగవచ్చు కదా అని మా ఆవిడ ఎన్నోసార్లు అన్నది. తప్పు చేసినవాడు చెప్పాలి గాని నేనెందుకు పోతాను?

నందవరం మెకానిక్కు స్క్రూడ్రైవరు కొరకడం చూసిన రోజున ఇంకొక కాగితం రాశాను. పాత ప్రశ్న ఎలాగూ ఉంది, దాని కింద కొత్తది చేర్చాను. మేస్త్రీ, నీలాగే ఈనాటి వాళ్లు కూడా కర్ర కొరుకుతున్నారు, చెవికి తెలియనిది పంటికి తెలుస్తుందని చెప్పుకుంటున్నారు, ఇందులో విద్య ఉందా, లేక మమ్మల్నందర్నీ ఆడించావా అని కాస్త కోపంగానే రాశాను. జవాబు వస్తుందన్న ఆశ లేదు. ఆయనకు తొంభై దగ్గర పడ్డాయి.

మొన్న మధ్యాహ్నం ఆయన మనవరాలు ఆదోని మీదుగా బస్సులో వచ్చింది. న్యూస్‌పేపరులో చుట్టిన కట్ట ఒకటి, మడిచిన కాగితం ఒకటి ఇచ్చి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. కట్టలో తుమ్మకర్ర. ఒక కొస నున్నగా ఉంది. రెండో కొస మీద పళ్ల గాట్లు, ఒక దాని మీద ఒకటి, లోతుగా. కాగితం నేను పంపిన గ్రాఫే. వెనక వైపు పెన్సిలుతో, బైబిలు అక్షరాల్లా గుండ్రంగా రాసి ఉంది. కర్ర ఇప్పుడు నా టీ గ్లాసు పక్కనే, కిటికీ గట్టు మీద ఉంది. రెండు రేకులూ నోటుబుక్కులో ఉన్నాయి. నోటుబుక్కు తెరిచి, ఏడాదికేడాదికీ ముందుకు జరిగిన ఆ గీతలను నిన్న మళ్లీ ఒక్కొక్కటే చదివాను. నేను రాసుకున్నదే నాకు చదవడం రాలేదు. ఆయన రాసింది ఇది:

“ఈరన్నా, నీ జాబులన్నీ అందినాయి. అన్నీ సదివినా. నువ్వు రెండు అడిగినావు గాని రెండింటికీ జవాబు ఒగటే. నువ్వు షెడ్డుకొచ్చిన మూడో ఏడు నుంచే నా సెవులు పోతా వచ్చినాయి. ఇంజన్లే తినేసినాయి. కర్ర సెవికి పెడితే ఏమీ తెలీలేదు, పండ్లకు పెడితే అదురు తెలిసేది. పండ్లకు గట్టిగా తగిలేదాకా టైమింగు జరుపుతా పోయినా. సెవుడు మేస్త్రీ దగ్గరికి ఇంజను ఎవురు తెస్తారప్పా, అందుకే ఎవురికీ సెప్పలే. నీకు రాయబోయి ఎన్నిసార్లు సించేసినానో. నా సెవుడును ఇద్య అనుకొని ఇంగా పండ్లు అరగదీసుకుంటాండారని నువ్వు రాస్తివి, ఇంగ దాస్తే పాపం. ఆ పొద్దు మిల్లులో కర్ర కొరికితే పండ్లకు ఏమీ తగల్లేదు. నిజంగానే సచ్చిపోతాందనుకొని రేకులు తీసినా. తీసినంక తలెత్తి సూస్తే, అంతసేపూ మాట్లాడుకుంటా ఉన్న ఆడోళ్లు మళ్లా సేతులు తిప్పుతాండారు. అప్పుడు తెలిసింది నువ్వు ఏం సేసినావో. నువ్వు పెట్టిందే సరి. నువ్వు ఏందో అడిగినావు, నీ నోరు కదిలేది కనపడింది, మాట ఇనపళ్యా. మళ్లా నువ్వే పెడతావని రేకులు నీ సేతిలో పెట్టినా. నువ్వు జేబులో ఏసుకొని పోతివి.”